సిమ్ వేయగానే సెంటీమీటర్ రాదు: ఆ డీజీపీఎస్ ఫార్వర్డ్‌కి నా జవాబు

రెండు వారాలుగా సర్వేయర్ల గ్రూపుల్లో, ప్లాట్ల గ్రూపుల్లో, ఆఖరికి మా నాగోలు కాలనీ వాకింగ్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఆర్‌టీకే అంటే ఉపగ్రహ సంకేతాలతో స్థలాన్ని సెంటీమీటర్ల దాకా కొలిచే సర్వే పద్ధతి, జనం డీజీపీఎస్ అనేది దీన్నే. మెసేజ్ క్లుప్తంగా ఇదీ: "కొత్త ఆర్‌టీకే రిసీవర్‌లో సిమ్ వేయండి. సర్వర్ ఐపీ, పోర్టు 2101, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టండి, ఇంక వేరే సెట్టింగ్ లేదు. బేస్ అక్కర్లేదు. దేశంలో ఎక్కడైనా 1 సెంటీమీటర్. ఫిక్స్ అని పడితే కళ్లు మూసుకుని పాయింట్ తీసుకోండి. ఎత్తు కూడా అంతే కరెక్ట్. 5జీ ఉంటే ఇంకా ఖచ్చితం. రిసీవర్ ఎక్కడున్నా ఆఫీసులో కూర్చుని సెట్ చేసుకోవచ్చు."

నాకే ఆరుగురు పంపారు. అందులో ఇద్దరు క్లయింట్లు, "ఇంత సులువైతే మీ రేటు అంతెందుకన్నా" అని కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. అందుకే కూర్చుని రాస్తున్నా. మెసేజ్ మొత్తం అబద్ధం అనను, సిమ్ ద్వారా కరెక్షన్లు (స్థానాన్ని సరిచేసే డేటా) తెచ్చుకోవడం నేను రోజూ చేసే పనే. కానీ నెట్ మోసుకొచ్చేది ఉత్తరం మాత్రమే, ఆ ఉత్తరం రాసినవాడు తప్పు రాస్తే తప్పే చేరుతుంది.

"బేస్ అక్కర్లేదు" అన్నదగ్గరే మొదలుపెడదాం. బేస్ లేకుండా ఆర్‌టీకేనే లేదు. మీ కారు డిక్కీలో లేదంతే, ఇంకెవరిదో ఎక్కడో మేడ మీద ఉంది. తెలిసిన చోట కదలకుండా ఉన్న ఆ రిసీవర్ తను విన్న ఉపగ్రహ సంకేతాల కొలతల్ని సెకనుకోసారి పంపిస్తుంటే, మీ చేతిలో ఉన్న రోవర్ వాటిని తన కొలతలతో పోల్చుకుని, బేస్ నుంచి తాను ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో తేలుస్తుంది. ఇంటర్నెట్ మీద ఇలా పంపే పద్ధతి పేరు ఎన్‌ట్రిప్. జర్మనీ ప్రభుత్వ మ్యాపింగ్ సంస్థ బీకేజీ దీన్ని తయారుచేస్తే 2004లో ప్రమాణంగా వచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా పెట్టిన కార్స్ స్టేషన్లు (ఎప్పుడూ నడుస్తుండే బేస్‌లు) సుమారు వెయ్యి ఉన్నాయి. వాటి లాగిన్ తీసుకుంటే బేస్ వాళ్లది, రోవర్ మీది. సొంత బేస్ పెట్టుకుంటే రెండూ మీవే. ఎలాగైనా బేస్ ఉండాల్సిందే.

బేస్ ఉంటే సరిపోదు, దాని కోఆర్డినేట్, అంటే అది ఉన్న చోటు చెప్పే అంకెలు, సరిగ్గా ఉండాలి. ఈ పాఠం నాకు శంకర్‌పల్లి దగ్గర ఒక లేఅవుట్‌లో వచ్చింది. సెట్టు అద్దెకిచ్చినాయన "అన్నీ సెట్ చేసి పెట్టా, ఆన్ చేయడమే" అన్నాడు. నేనూ నమ్మాను. మొదటి రోజు రాళ్లు పాతాం. రెండో రోజు పొద్దున అలవాటుగా నిన్నటి రాయి మీద పోల్ పెడితే మీటరున్నర పక్కకి చూపించింది! బేస్ ఆన్ చేసిన ప్రతిసారీ కొన్ని నిమిషాల సగటు తీసుకుని, అదే తన అసలు స్థానం అనుకునే మోడ్‌లో ఉందది. నిన్న ఒక సగటు, ఇవాళ ఇంకో సగటు. బేస్ ఎంత జరిగితే రోవర్ తీసిన ప్రతి పాయింటూ అంతే జరుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం రెండు రోజులూ ఫిక్సే, రెండు రోజులూ 1 సెంటీమీటరే. 100 మీటర్ల గట్టు మీటరున్నర జరిగిందంటే పక్కవాళ్ల పొలంలోకి 150 చదరపు మీటర్లు, అంటే దాదాపు 180 గజాలు. శంకర్‌పల్లిలో 180 గజాలంటే ఏంటో నేను చెప్పాలా?

దీనికి మందు, కోఆర్డినేట్ ముందే తెలిసిన కంట్రోల్ పాయింట్ మీద బేస్ పెట్టి ఆ విలువ ఇవ్వడం. లేదంటే ఒక రెండు గంటలకి తగ్గకుండా ముడి డేటా రికార్డు చేసి, ఆస్ట్రేలియా ప్రభుత్వం ఉచితంగా నడిపే ఆస్‌పాస్ లాంటి సర్వీసుకి పంపితే కోఆర్డినేట్ లెక్కకట్టి ఇస్తుంది, అది బేస్‌లో ఫిక్స్‌డ్‌గా టైప్ చేయాలి. టైప్ చేసేటప్పుడు దశాంశాలు తెగ్గొట్టొద్దు. అక్షాంశంలో ఆరో దశాంశ స్థానం అంటే 11 సెంటీమీటర్లు, మిల్లీమీటరు దాకా పోవాలంటే ఎనిమిది కావాలి. ఫోన్ మ్యాప్‌లోంచి ఆరంకెలు కాపీ కొట్టి బేస్‌లో వేసినవాళ్లని కూడా చూశాను, దండం పెట్టేసి వచ్చాను.

"దేశంలో ఎక్కడైనా 1 సెంటీమీటర్." కేటలాగులో సాధారణంగా 8 మిల్లీమీటర్లు ప్లస్ 1 పీపీఎం అని ఉంటుంది. ఆ ప్లస్ తర్వాతది ఎవరూ చదవరు. బేస్ నుంచి ప్రతి కిలోమీటరుకీ ఇంకో మిల్లీమీటరు అని దాని అర్థం, 30 కిలోమీటర్లకి అదే 3 సెంటీమీటర్లు. పైగా మనం భూమధ్యరేఖకి మరీ దూరంలో లేం, ఇక్కడ పొద్దుగూకాక అయనోస్ఫియర్ (ఉపగ్రహ సంకేతాలు దాటి రావాల్సిన పై వాతావరణ పొర) అల్లకల్లోలంగా ఉంటుంది, ముఖ్యంగా మార్చి, సెప్టెంబర్ చుట్టుపక్కల. సాయంత్రం ఏడు తర్వాత ఫిక్స్ ఊగిసలాడితే సిమ్ కంపెనీని తిట్టకండి.

ఇంకో సంగతి, ఏ లెక్కలో సెంటీమీటర్? గుండ్రటి భూమిని జోన్లుగా చదును చేసి మ్యాప్‌లోకి దించే లెక్క యూటీఎం. హైదరాబాద్ అందులో 44వ జోన్‌లో, దాదాపు పడమటి అంచున పడుతుంది. అంచున ఉండటం వల్ల మ్యాప్ మీద దూరం నేల మీద టేపు దూరం కన్నా కిలోమీటరుకి 40 సెంటీమీటర్లకి పైనే ఎక్కువ వస్తుంది. టేపూ తప్పు కాదు, మిషనూ తప్పు కాదు, ప్రొజెక్షన్ సంగతి అది. 78 డిగ్రీల రేఖ దాటి వికారాబాద్, జహీరాబాద్ వైపు పోతే జోన్ 43, రిసీవర్‌ని నడిపే కంట్రోలర్‌లో అది మార్చాలి. అన్నట్టు మన దేశం ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదులుతోంది. పదేళ్ల కిందటి ప్రపంచ కోఆర్డినేట్‌నీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టి అర మీటరు తేడా అని కొట్టుకునేవాళ్లు ముందు రెండింటి తేదీలు చూడాలి.

"ఐపీ, పోర్టు, పాస్‌వర్డ్, ఇంక వేరే సెట్టింగ్ లేదు." 2101 ఎన్‌ట్రిప్‌కి మామూలుగా వాడే పోర్టే, కాదనను. కానీ ఆ తర్వాత మౌంట్ పాయింట్, అంటే సర్వర్‌లోని ఏ డేటా కావాలో దాని పేరు, ఎంచుకోవాలి, అసలు కథంతా అక్కడుంది. ఒక్క స్టేషన్ డేటా ఇచ్చేవి కొన్ని, మీ దగ్గర్లోనే బేస్ ఉన్నట్టు లెక్కకట్టి ఇచ్చేవి కొన్ని. రెండో రకానికి రోవర్ తన స్థానాన్ని జీజీఏ అనే చిన్న వాక్యంగా సర్వర్‌కి పంపుతూ ఉండాలి. అది ఆన్ చేయకపోతే "కనెక్టెడ్" అని పచ్చగా చూపిస్తుంది, డేటా మాత్రం సున్నా. మా తమ్ముడొకడు ఇదే తెలియక ఘట్‌కేసర్‌లో ఎండలో రెండు గంటలు నాలుగు సిమ్‌లు మార్చాడు. పాత రిసీవర్లకి ఇంకో తంటా: బేస్ కొత్త తరహా ఎంఎస్‌ఎం మెసేజ్‌లు, 1074, 1084 లాంటివి, పంపుతుంటే, పాత 1004, 1012 మాత్రమే అర్థమయ్యే రోవర్ నోరెళ్లబెట్టి చూస్తుంది. సొంత బేస్ అయితే దాని స్థానం చెప్పే 1005 గానీ 1006 గానీ మెసేజ్ వెళ్తోందో లేదో ముందు చూసుకోండి, అది లేకపోతే మిగతావి ఎన్ని పంపినా ఫిక్స్ రాదు.

"ఫిక్స్ పడితే కళ్లు మూసుకుని తీసుకోండి." కళ్లు తెరిచే తీసుకోండి బాబూ. జీజీఏలో నాణ్యత అంకె 4 అంటే ఫిక్స్, 5 అంటే ఫ్లోట్ (లెక్క ఇంకా తేలలేదు), సరే. కానీ ఫిక్స్ అంటే ఉపగ్రహానికీ మీకూ మధ్య ఎన్ని పూర్తి తరంగాలున్నాయో రిసీవర్ తేల్చుకుంది అని మాత్రమే అర్థం. జీపీఎస్ ఎల్1 ఫ్రీక్వెన్సీలో ఒక్కో తరంగం 19 సెంటీమీటర్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆ అద్దాల టవర్ల మధ్య సంకేతం గోడలకి తగిలి వస్తే ఆ లెక్క తప్పొచ్చు, తప్పినా స్క్రీన్ మీద 4 అనే ఉంటుంది. మా కుర్రాడు "అన్నా ఫిక్స్ వచ్చింది, కొట్టెయ్యనా" అంటే నేను ఇప్పటికీ ఒకటే చెప్తా: ఫిక్స్ తెంపి మళ్లీ తెప్పించు, రెండు విలువలూ కలిస్తే కొట్టు. పని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తెలిసిన పాయింట్ మీద పోల్ పెట్టు. కరెక్షన్ వయసు కూడా చూడు, ఒకటి రెండు సెకన్లయితే హాయి, పది దాటి పెరుగుతూ పోతుంటే ఆగు.

"ఎత్తు కూడా అంతే కరెక్ట్." రిసీవర్ ఇచ్చేది దీర్ఘవృత్తజం (లెక్క కోసం ఊహించుకున్న నున్నటి భూమి ఆకారం) మీది ఎత్తు, సముద్ర మట్టం నుంచి కాదు. హైదరాబాద్‌లో ఈ రెంటికీ తేడా 70 మీటర్ల పైచిలుకు. హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లని వానాకాలంలో రోజూ పేపర్లో చదువుతాం కదా, ఈ తేడాని సరిచేసే జియాయిడ్ మోడల్ వేయని రిసీవర్ పట్టుకుని ట్యాంక్‌బండ్ మెట్ల దగ్గర నిలబడితే 440 దగ్గర్లో చూపిస్తుంది. ఆ అంకెతో డ్రైనేజీ వాలు డిజైన్ పాత అంకెలతో కలిపి చేస్తే నీళ్లు ఎటు పోతాయో దేవుడికే తెలియాలి.

5జీ సంగతి రెండు ముక్కలు. ఈ కరెక్షన్ డేటా గంటకి కొన్ని ఎంబీలే. సిగ్నల్ తెగకుండా ఉండటం ముఖ్యం, స్పీడు కాదు.

ఇక ఆఫీసులో కూర్చుని సెట్ చేయడం. చేయొచ్చు, నేను చేస్తా, చేసి ఒకసారి చేతులు కాల్చుకున్నా. షాద్‌నగర్‌లో ఒక మేడ మీద మా బేస్ ఉంది. రాత్రి ఇంట్లోంచి దాని వెబ్ పేజీ తెరిచి, ఐపీ సెట్టింగ్‌లో ఒక్క అంకె మార్చి సేవ్ కొట్టా. పేజీ పోయింది. నేను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నా. పొద్దున్నే ఓఆర్‌ఆర్ ఎక్కి షాద్‌నగర్ పోయి, కేబుల్ పెట్టి వెనక్కి మార్చి వచ్చా. మరో గోతి: చాలా రిసీవర్లలో మార్చిన సెట్టింగ్ ముందు తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, దాన్ని విడిగా బూట్‌లోకో ఫ్లాష్‌లోకో సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చేసరికి పాత కథే.

పైగా మొబైల్ సిమ్‌ల మీద చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచుతారు కాబట్టి, బయటినుంచి ఆ రిసీవర్‌ని నేరుగా తెరవడం మామూలుగా కుదరదు. రోవర్ తనే బయటికెళ్లి కరెక్షన్ తెచ్చుకుంటుంది గనక దానికి ఇబ్బంది లేదు, మీరు లోపలికి రావాలంటేనే ఇబ్బంది. దానికని స్టాటిక్ ఐపీ కొని, పోర్టు బార్లా తెరిచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే ఉంచేవాళ్లున్నారు. ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే అది. ఎవడో లోపలికొచ్చి బేస్ కోఆర్డినేట్‌లో ఒక్క అంకె మారిస్తే మీ రోవర్లన్నీ ఫిక్స్ చూపిస్తూనే తప్పు చోట రాళ్లు పాతిస్తాయి.

వీపీఎన్ (బయటివాళ్లకి కనపడని సొంత దారి) పెట్టండి, పాస్‌వర్డ్ మార్చండి, రూటర్‌లో బేస్‌కి ఒక అడ్రస్ కట్టేయండి, నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రం సైట్లో మనిషి ఉన్నప్పుడే ముట్టుకోండి. ఇవన్నీ చేశాక కూడా ఆ మేడ ఇంటాయన నంబరు ఫోన్‌లో ఉంచుకోండి. రాత్రి పదకొండింటికి ప్లగ్ పీకి పెట్టడానికి ఆయనే దిక్కు.