ఉత్త బ్యాటిల్‌షిప్‌లుంటే దళం కాదప్పా!

మా కడప గ్యాంగ్ శనివారం రాత్రి స్టెల్లారిస్ అనే కంప్యూటర్ గేమ్ ఆడటానికి కూర్చుంటే ఐదుగురిలో నలుగురు కట్టేది బ్యాటిల్‌షిప్‌లనే భారీ యుద్ధనౌకలే. కార్వెట్లనే చిన్న నౌకలు ఆట మొదట్లో నాలుగు రోజులు తిరుగుతాయి, పెద్ద టెక్నాలజీ చేతికి రాగానే వాటిని పీకి పారేస్తారు. ఎందుకప్పా అంటే "పెద్దది పెద్దదే కదన్నా" అంటారు. నిన్న రాత్రి కూడా ఇదే గొడవ. వాయిస్ చాట్‌లో అందరూ ఒకేసారి మాట్లాడేసరికి నేను చెప్పాలనుకున్నది సగం గొంతులోనే ఉండిపోయింది. ఆ సగం ఇక్కడ రాస్తున్నా. పొడుగైంది, ఓపికున్నోళ్లు చదవండి.

ఆట తెలియనోళ్లకు రెండు ముక్కలు. 2016లో వచ్చింది. గెలాక్సీలో మనదొక సామ్రాజ్యం, దానికొక నౌకాదళం. దళం ఎంత పెద్దగా ఉండొచ్చో చెప్పే నేవల్ కెపాసిటీ అని ఒక పద్దు ఉంటుంది. అందులో కార్వెట్ 1 తింటుంది, డెస్ట్రాయర్ 2, క్రూజర్ 4, బ్యాటిల్‌షిప్ 8, టైటాన్ 16. పద్దు దాటితే దళాన్ని పోషించే ఖర్చు పైకి పోతుంది. ఏ నౌకలో ఏ తుపాకీ, ఎంత కవచం, ఎంత షీల్డ్ అన్నది మనమే కూర్చుకోవచ్చు. నేను ఈ ఆటలో పడిపోయింది ఆ డిజైన్ స్క్రీన్ దగ్గరే. గంటలు గంటలు అక్కడే కూర్చుంటా.

మా వాళ్లను చెడగొట్టింది ఫ్లీట్ పవర్ అనే అంకె. నీ దళం ఎంత కొట్టగలదు, ఎంత ఓర్చుకోగలదు అన్నది కలిపి ఒక నంబర్‌గా చూపిస్తుంది. ఎదుటోడు దేంతో వస్తున్నాడో దానికి తెలియదు. గుండ్లు విసిరే కైనెటిక్ తుపాకులు షీల్డులను చీలుస్తాయి, లేజర్లు కవచాన్ని కరిగిస్తాయి. ఆట చివర్లో బయటి నుంచి వచ్చే శత్రువుల్లో ప్రెథోరిన్ స్కర్జ్ గెలాక్సీ మీద పడితే వాటికి షీల్డులే ఉండవు. అన్‌బిడెన్ అనే ఇంకో శత్రువు వస్తే వాళ్ల బలమంతా షీల్డుల్లోనే. రెండింటి ముందూ అదే అంకె చూసుకుని మురిసిపోతే ఎట్లా?

పోయిన వేసవిలో నా దళం ఒకటి అట్లే పోయింది. ఇరవై బ్యాటిల్‌షిప్‌లు, ప్రతిదాని ముక్కు మీద గిగా కేనన్ అనే భారీ ఫిరంగి. ఫ్లీట్ పవర్ ఎదుటోడి దానికి రెండింతలు. ఎదుటోడంటే మా ప్రొద్దుటూరు తమ్ముడే. వాడు ముందు వరుసలో కార్వెట్లు, వాటి వెనక టార్పెడోలు మోసే ఫ్రిగేట్లనే చిన్న నౌకలు పెట్టుకుని వచ్చాడు. ఫ్రిగేట్ తరగతిని ఆటలో పెట్టింది 2022లో. దాని టార్పెడో షీల్డును లెక్కచేయదు, ఎదురుగా ఉన్న నౌక ఎంత పెద్దదైతే అంత గట్టిగా తగులుతుంది. నేను జూమ్ చేసి చూస్తా ఉన్నా. నా కేనన్ గుండ్లు కార్వెట్ల సందుల్లోంచి ఖాళీ ఆకాశంలోకి పోతున్నాయి. చిన్న నౌకకు తప్పించుకునే శాతం ఎక్కువ, పెద్ద తుపాకీకి వెంటాడే శక్తి దాదాపు లేదు, ఆ తేడా అంతా గురి తప్పడమే. టార్పెడోలను దారిలోనే కూల్చే పాయింట్ డిఫెన్స్ నా దళంలో ఒక్క నౌకకూ లేదు. అది పెట్టిన డెస్ట్రాయర్ల వరుస ఒకటి ఉండి ఉంటే కథ వేరేగా ఉండేది. ఉత్త ఫిరంగులు కట్టి కాపలా మరిచిపోయా.

"అయితే అన్నా, కాసిన్ని డెస్ట్రాయర్లు కలుపుకుంటే సరిపోయె కదా" అంటారు. సరిపోదు. అసలు మాట ఇంకొకటుంది.

మా మామకు ఎర్రగుంట్లలో లారీలున్నాయి, నాపరాళ్లు తోలుతాడు. పన్నెండు చక్రాల బండి బెంగళూరుకు పోతుంది. అదే రాయి అల్మాస్‌పేట సందులో ఇంటికి కావాలంటే ఊరి బయట దించి ట్రాలీ ఆటోలో వేస్తాడు. చిన్నప్పుడు అడిగినా, మామా అన్నీ పెద్ద బండ్లే కొనొచ్చు కదా అని. "దూరానికి పెద్ద బండి అల్లుడూ. డీజిలు, టోలు, డ్రైవర్ బత్తా అన్నీ పోనూ ఒక్కో రాయి మీద నాలుగు రూపాయలు మిగలాలంటే బరువుండాల. సందులోకి అది యాడ పోతాది?" అన్నాడు. బండి సైజును దూరం తేలుస్తుంది, దారి తేలుస్తుంది. ఎవరికి ఏది ముద్దు అన్నది కాదు.

సముద్రం మీదా అంతే. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీదికి మన నేవీ పంపింది మూడు క్షిపణి పడవలను: నిపాత్, నిర్ఘాత్, వీర్. ఒక్కోటి 250 టన్నులు కూడా ఉండదు, ఒక్కోదాని మీద నాలుగు స్టిక్స్ క్షిపణులు. రెండువేల టన్నులు దాటిన ఖైబర్ అనే పాకిస్తాన్ డెస్ట్రాయర్‌ను ముంచి, కెమారి దగ్గర చమురు ట్యాంకులను మండించి వచ్చాయి. ఆ రోజునే ఇప్పటికీ నేవీ డేగా జరుపుకుంటాం. చిన్నోడు పెద్దోడిని కొట్టాడు అని చప్పట్లు కొట్టి వదిలేస్తారు చాలామంది. నాకు నచ్చేది ఆ దళం కూర్పు. ఆ పడవలు తీరం దగ్గర కాపలా కాయడానికి చేసినవి, అంత దూరం పోయి రావడానికి వాటి ఇంధనం చాలదు. అందుకే పోషక్ అనే ట్యాంకర్‌ను పెట్టుకున్నారు. దూరం చూసే రాడార్ల కోసం, జలాంతర్గాముల మీద కన్నేయడం కోసం కిల్తాన్, కచ్చల్ అనే రెండు కార్వెట్లు తోడు పోయాయి. కొట్టేది ఒకటి, చూసేది ఒకటి, తాగడానికి ఇచ్చేది ఒకటి. దళం అంటే అది.

డెస్ట్రాయర్ అన్న పేరు కూడా అట్లా పనిలోంచి వచ్చిందే. 1893లో బ్రిటన్ హావక్ అనే నౌకను దించింది. టార్పెడో పడవలు పెద్ద నౌకల మీదికి దూకుతున్నాయని, వాటిని తరిమి కొట్టడానికి చేసిన నౌక. మొదట్లో దాన్ని టార్పెడో బోట్ డెస్ట్రాయర్ అనే పిలిచేవాళ్లు, తర్వాత చివరి మాటే మిగిలింది. మా వాళ్లేమో డెస్ట్రాయర్ అంటే కార్వెట్‌కు పైమెట్టు, క్రూజర్‌కు కింది మెట్టు అనుకుంటారు. ప్రమోషన్ లిస్టు కాదప్పా అది!

ఇంక ఆట దగ్గరికి వస్తా. స్టెల్లారిస్‌లో కార్వెట్‌కు ఇంధనం అయిపోదు. గెలాక్సీ ఈ చివర నుంచి ఆ చివరకు బ్యాటిల్‌షిప్ ఎంత దూరం పోతే అదీ అంతే పోతుంది, పైగా ముందే చేరుతుంది. 2025లో వచ్చిన 4.0 అనే అప్‌డేట్‌లో దళం బయటి రాజ్యాల్లోకి పోతే ఖర్చు పెరిగేలా చేశారు. మంచి పనే, నేను సంతోషించా. కానీ అది డబ్బు లెక్క, ఖజానా నిండుగా ఉన్నోడికి దూరం మళ్లీ ఉచితమే. చిన్న నౌక ఎక్కడ ఆగిపోతుందో ఆ గీత లేనప్పుడు పెద్ద నౌకకు పెద్దరికం దేనికి వచ్చినట్టు? లావుగా ఉండటానికి మాత్రమే. తరగతుల మధ్య తేడా అంతా యుద్ధం జరిగే ఆ కాసేపట్లోనే కుదించాల్సి వస్తోంది. అందుకే ప్రతి ప్యాచ్‌కూ ఒక తరగతిని పైకి లేపడం, ఇంకోదాన్ని దించడం. ఆ అంకెలు చూసి జనం ఆ నెలకు ఏది బలంగా ఉంటే దాన్నే వందల్లెక్కన కట్టడం. మా వాళ్ల తప్పు సగమే, మిగతా సగం ఆటదే అని నేను ఒప్పుకుంటా.

నాకు కావలసింది ఒక్కటే. కార్వెట్‌కు తన స్టార్‌బేస్ (అంతరిక్ష స్థావరం) నుంచి ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి ఇన్ని దూకుళ్లే అని హద్దు పెట్టండి. ఆ హద్దు దాటించాలంటే ఒక ట్యాంకర్ నౌక వెంట ఉండాలి, దాన్ని శత్రువు వేటాడగలగాలి. అప్పుడు ఆ ట్యాంకర్‌ను కాయడానికి డెస్ట్రాయర్ కావాలి. సరఫరా లేకుండా నెలల తరబడి లోపల తిరగడానికి క్రూజర్ కావాలి. బ్యాటిల్‌షిప్‌ను ఎక్కడికి పంపాలో పది సార్లు ఆలోచించాలి.

అది వచ్చేదాకా మేమే మా మధ్య నియమం పెట్టుకుందాం అని గ్యాంగ్‌కు చెప్పా. వచ్చే శనివారం నుంచి ఒక్కో దళంలో కెపాసిటీలో సగానికి మించి బ్యాటిల్‌షిప్‌లు ఉండకూడదు, కార్వెట్లు సొంత సరిహద్దు దాటకూడదు. ఇద్దరు సరే అన్నారు. ప్రొద్దుటూరు తమ్ముడు ఫ్రిగేట్ల సంగతేంటి అన్నా అని అడిగాడు, దాని మీద ఇంకా తెగలేదు.