చెవుల కవరు, చెవుల్లేని కవరు

భూగోళాన్ని పాడు చేస్తున్నది ఎవరన్న ప్రశ్నకు ఇంతకాలం రకరకాల జవాబులు విన్నాం. బొగ్గు కరెంటు అన్నారు, రసాయన ఫ్యాక్టరీలు అన్నారు, అమెరికా అన్నారు. పెద్దవాళ్లు ఏటా ఒక దేశంలో సమావేశమై దీని మీద వాదించుకుంటూ ఉండగా, మా మునిసిపాలిటీ (ఏ ఊరిదో చెప్పను, నేనూ ఇంటి పన్ను కట్టేవాణ్నే) చడీచప్పుడు లేకుండా అసలు దోషిని పట్టేసింది. అతను మా వీధి చివర కర్రీ పాయింట్ నడుపుతున్నాడు. సాయంత్రం ఏడింటికి వేడి వేడి సాంబారు కవర్లో పోసి, పైన కాస్త గాలి ఉంచి మెలితిప్పి, రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుడుతుండగా రెడ్ హ్యాండెడ్‌గా దొరికిపోయాడు.

జీపులోంచి నలుగురు దిగారు. వాళ్లలో పెద్దాయన ఖాళీ కవరు ఒకటి తీసుకుని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి నలిపాడు. నాడి పట్టుకున్న వైద్యుడిలా ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "ఇది 120 మైక్రాన్లు లేదు" అన్నాడు.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఆయన బొటనవేలు ఒక వెంట్రుకకూ వెంట్రుకన్నరకూ తేడా చెప్పగలదన్నమాట. ఇలాంటి బొటనవేళ్లు ఉన్న దేశం ల్యాబుల మీద డబ్బు తగలేయడం నాకు నచ్చలేదు.

ఐదు వేలు ఫైన్ రాశారు. కర్రీ పాయింట్ బాబాయ్ చేతులు జోడించి "సార్, రేపటి నుంచి మందంవి తెస్తా" అన్నాడు. ఎంత మందమో ఆయనకు తెలియదు. ఎలా తెలుస్తుంది? 1999లో క్యారీ బ్యాగ్ కనీసం 20 మైక్రాన్లు ఉంటే చాలన్నారు. 2011లో 40 చేశారు, 2016లో 50, 2021 సెప్టెంబరు ఆఖరున 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఈ దేశంలో భూముల ధర తర్వాత ఇంత నిలకడగా పెరిగింది కవరు మందమేననుకుంటాను. బాబాయ్ పప్పు మాత్రం ఏటికేడు పలచబడుతూ వస్తోంది.

ఆ రాత్రి నేను రూల్సు తీసి చదివాను. చదివితే తేలిందేమంటే, 120 అనేది క్యారీ బ్యాగ్‌కు. క్యారీ బ్యాగ్ అంటే చేత్తో పట్టుకుని మోసుకుపోవడానికి దానికదే వీలుగా ఉండే సంచి. పట్టుకోవడానికి ఏమీ లేకుండా, ఊరికే సరుకు చుట్టడానికో నింపడానికో వాడే ప్లాస్టిక్ షీటుకూ, దాంతో చేసిన కవరుకూ 50 మైక్రాన్లు ఉంటే చాలు. ఆ మందంతో అసలు పనికే అడ్డొచ్చేట్టుంటే అదీ అక్కర్లేదట. ఇది వివరిస్తే బాబాయ్ క్షణంలో పట్టేశాడు. "అంటే చెవులుంటే 120, చెవుల్లేకపోతే 50. అంతేనా సార్?" అన్నాడు. నేను గంటన్నర చదివింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. సాంబారు కవరుకు చెవులు ఉండవు. కానీ ఫైన్ రసీదుకు కూడా చెవులు ఉండవు కదా, మన మాట వినడానికి.

ఇంతకు ముందు 2016 రూల్సులో ఒక ఆణిముత్యం ఉండేది, దాన్ని తలుచుకోకుండా ముందుకు పోతే పాపం తగులుతుంది. ప్లాస్టిక్ సంచి ఇవ్వదలచిన దుకాణదారైనా, వీధి వ్యాపారైనా స్థానిక సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుని, నెలకు 4,000 చొప్పున ఏడాదికి కనీసం 48,000 రూపాయలు ఫీజు కట్టాలని అందులో రాశారు. తోపుడు బండి మీద కొత్తిమీర, కరివేపాకు అమ్ముకునే అమ్మ కూడా ఇందులోకే వస్తుంది. అది రాసిన మహానుభావుడికి కొత్తిమీర కట్ట ఎంతో ఎవరూ చెప్పినట్టు లేదు. బేరమాడితే కరివేపాకు ఊరికే ఇస్తారని అసలే చెప్పి ఉండరు. 2018లో ఆ రూలు తీసేశారు. కట్టేవాళ్లు దొరకలేదనే అనుకుంటున్నాను.

నేను ప్లాస్టిక్ భక్తుణ్ని కాను. మా వీధి నాలా తొలకరికే పొంగుతుంది, పూడిక తీస్తే వచ్చేవన్నీ కవర్లే. అన్నంతో పాటు కవరు నమిలే ఆవును రోజూ చూస్తున్నాను. మందం పెంచడం వెనక ఉన్న లెక్క కూడా తప్పు కాదు: పలుచటి కవరుకు తూకం రాదు, అందుకే చెత్త ఏరుకునేవాళ్లు దాన్ని వదిలేస్తారు. మందంగా ఉంటే ఏరతారు, మనమూ రెండుసార్లు వాడతాం. బాగుంది. కానీ సాంబారు అంటిన కవరును 1,200 మైక్రాన్లు చేసినా ఎవడు కడిగి అమ్ముకుంటాడు?

సరే, ఫైన్ రాసిన చోటికి నాలుగడుగుల దూరంలో కిరాణా కొట్టు ఉంది. దాని ముందు షాంపూ సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు, గుట్కా లాంటివేవో తోరణాల్లా వేలాడుతున్నాయి. పొరల మీద పొరలు అతికించిన ప్లాస్టిక్ అది. విడదీయడం కష్టం, ఏరేవాళ్లకు పైసా రాదు. పెద్దాయన ఆ తోరణాల కిందే తల వంచుకుని వెళ్లి జీపెక్కాడు. ఆ ప్యాకెట్లది వేరే దారి. వాటిని తయారుచేసే కంపెనీలు ఎంత ప్లాస్టిక్ బజారులోకి వదిలాయో అంత తిరిగి సేకరించినట్టు లెక్క చూపించాలి, తక్కువ పడితే ఎక్కువ సేకరించినవాళ్ల దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. మన పెద్దలు గోదానానికి ఆవు లేకపోతే కొబ్బరికాయ, తాంబూలంలో పదకొండు రూపాయలు పెట్టించేవారు, ఇంచుమించు అదే పద్ధతి. బాబాయ్‌కి ఆ సౌకర్యం లేదు. ఆయన పాపం ఆయన గల్లా పెట్టెలోంచే పోవాలి.

2022 జులై 1 నాటి ప్లాస్టిక్ నిషేధాల జాబితా కూడా ఇదే తీరు. చెవి పుల్లలు, బెలూను పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, ప్లాస్టిక్ చెంచాలు, స్ట్రాలు, స్వీటు బాక్సు మీద చుట్టే పొర, శుభలేఖ మీది పొర, సిగరెట్ పెట్టె మీది పొర. పెట్టె లోపల సిగరెట్‌కు ఉండే ఫిల్టరు కూడా ప్లాస్టిక్ జాతిదే, దానికి మాత్రం పిలుపు అందలేదు. శిక్ష విషయంలో మాత్రం ప్రభుత్వం మెత్తబడింది. 1986 నాటి పర్యావరణ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండేవి. 2024 ఏప్రిల్ నుంచి జైలు ఎత్తేసి పది వేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా పెట్టారు. బాబాయ్ ఈ మాట విని చాలాసేపు ఆలోచించి, "జైల్లో అయితే భోజనం వాళ్లే పెట్టేవాళ్లు" అన్నాడు.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. మట్టిలో కలిసిపోతుందన్న కవరు తెచ్చాడు, వేడి సాంబారు పోస్తే అది మట్టి దాకా ఆగలేదు, స్కూటర్ మీదే కలిసిపోయింది. కాగితం డబ్బా తెచ్చాడు, దాని లోపలా పలుచటి ప్లాస్టిక్ పూతే. చివరికి గోడ మీద రాసి పెట్టాడు: "గిన్నె తెచ్చుకుంటే 5 రూపాయలు తగ్గింపు". నేను గర్వంగా మా మూడు గిన్నెల స్టీలు క్యారియర్ పట్టుకెళ్లాను. అక్కడ ఒక శాస్త్ర సత్యం బయటపడింది. కవర్లో నిండుగా, పొగరుగా కనిపించే పావు కిలో వంకాయ కూర క్యారియర్ గిన్నెలో అడుగున ఒక మూల కూర్చుంటుంది. "ఇంతేనా బాబాయ్?" అన్నాను. ఆయన నా వైపు చూసి ఇంకో గరిటె వేశాడు. ఐదు రూపాయల తగ్గింపు, ఐదు రూపాయల గరిటె. మూడో రోజుకు ఆ గోడ రాత మీద సున్నం పడింది.

ఇక్కడ అడ్డాకు విస్తరి గుర్తుకొస్తుంది. ఏజెన్సీలో గిరిజన ఆడవాళ్లు ఆకులు కోసుకొచ్చి పుల్లలతో కుట్టి సంతలో అమ్మేవాళ్లు. దానికి మైక్రాన్లు లేవు, చెవులు లేవు. థర్మాకోల్ పళ్లెం వచ్చి ఆ గిరాకీని మింగేసినప్పుడు ఏ జీపూ ఆగలేదు, ఏ బొటనవేలూ దాన్ని నలిపి చూడలేదు.

మళ్లీ తనిఖీ వస్తుందని తెలిసి బాబాయ్ కొడుకు రంగంలోకి దిగాడు. ఇంటర్ ఎంపీసీ కుర్రాడు. పక్క వీధి లేత్ వర్క్‌షాపులో మైక్రోమీటర్ అడిగి తెచ్చి, కాలేజీ ప్రాక్టికల్స్‌లో స్క్రూ గేజ్ పట్టినట్టే పట్టి కవరు కొలిచాడు. హెడ్ స్కేలు మీద ఐదు గీతలు. అంటే గీతకు పది చొప్పున 50 మైక్రాన్లు, చట్టబద్ధం. అందరం ఊపిరి పీల్చుకునే లోపల వాడు ఖాళీ మైక్రోమీటర్ బిగించి చూసి, "నాన్నా, జీరో ఎర్రర్ ఉంది, ఖాళీగానే ఒక గీత చూపిస్తోంది" అన్నాడు. తీసేస్తే 40, నేరం. తీయకపోతే 50, వ్యాపారం. బాబాయ్ ఇంటర్ చదవలేదు కానీ ఏది తీయకూడదో వెంటనే అర్థమైంది ఆయనకు.

జూన్ 5న చౌరస్తాలో పర్యావరణ దినోత్సవ సభ జరిగింది. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ, "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అని. దొరికిపోయారు అనుకుని కుర్రాణ్ని ఉసిగొల్పాను. వాడు వెళ్లి అంచు కొలిచి, దిగాలుగా తిరిగొచ్చాడు. 300 దాటిందట. బ్యానర్లకు నిషేధం 100 మైక్రాన్ల లోపు వాటికే. కేంద్రం రూల్సు ప్రకారం వంక పెట్టలేని పర్యావరణ ఫ్లెక్సీ అది.

సభ అయ్యాక దాన్ని ఎవరూ పట్టుకెళ్లలేదు. వానాకాలం మొదలయ్యాక చూస్తే బాబాయ్ కొట్టు మీద పందిరిలా కట్టి ఉంది, అక్షరాలు తలకిందులుగా. నిన్న దాని కింద నిలబడి పప్పు, సాంబారు చెప్పాను. క్యారియర్ ఇంట్లోనే మరిచిపోయాను.

"చెవుల్లేని దాంట్లో పోస్తా సార్" అన్నాడు బాబాయ్. "మరి పట్టుకెళ్లడం ఎలా? ఇంకో చెవుల కవరు వేసి ఇవ్వు" అన్నాను.