పవర్ ఎప్పుడు తీసేయాలన్నదే అసలు లెక్క

మెట్రో రైళ్లలో కరెంటు ఆదా గురించి వచ్చిన ఒక వ్యాసంలో, ఆ ఆదా అంతా బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చే కరెంటుదే అన్నట్టు రాశారు. ఆ కరెంటు వాడుకునే రైలు దగ్గర్లో లేకపోతే, సబ్‌స్టేషన్‌లో దాన్ని గ్రిడ్‌కు తిప్పిపంపే ఇన్వర్టర్ కూడా లేకపోతే, అది రెసిస్టర్లలో వేడై పోతుంది.

అందుకే పవర్ ముందే తీసేసి రైలును దొర్లనివ్వడం కూడా చూడాలి. స్టేషన్ల మధ్య 1,200 మీటర్లనుకోండి. వేగం పెంచడానికైనా తగ్గించడానికైనా సెకనుకు సెకనుకు 1 మీటరు, గరిష్ఠం గంటకు 72 కి.మీ. అదే వేగం పట్టుకుని వెళితే 80 సెకన్లు. 72 అందగానే పవర్ తీసేసి దొర్లనిస్తే (నిరోధం వల్ల వేగం సెకనుకు సెకనుకు 0.03 మీటరు తగ్గుతుందనుకుని) 81.3 సెకన్లు. బ్రేకు దగ్గరికొచ్చేసరికి వేగం 67 కి.మీ., అంటే అరగదీయాల్సిన గతిశక్తి 12 శాతం తక్కువ, పైగా మధ్యలో మోటార్లకు పనే లేదు.

చిక్కల్లా ఆ 0.03తోనే. ఎత్తుపల్లాలు, జనం బరువు, సొరంగంలో గాలి దాన్ని మార్చేస్తాయి. ఆఫీసులో కూర్చుని గీసిన ఒకే వేగం కర్వ్‌ను రోజంతా నడిపితే రద్దీవేళ టైమ్‌టేబుల్ జారుతుంది. బయల్దేరేముందు మిగిలిన సమయం, బరువు చూసి కోస్టింగ్ బిందువు (పవర్ తీసేసి దొర్లనిచ్చే చోటు) మళ్లీ లెక్కకట్టాలి.