అనంతపురం రెజ్యూమెకు జీఐ ట్యాగ్ ఇవ్వాలి

ధర్మవరం పట్టుచీరకు జీఐ ట్యాగ్ ఉంది, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనని చట్టప్రకారం ఇచ్చే గుర్తింపు. బనగానపల్లె మామిడికి ఉంది. తోలుబొమ్మలకూ ఉంది. ఇంటికొకటి చొప్పున దొరికే మన అనంతపురం ఇంజినీరింగ్ రెజ్యూమెను మాత్రం ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. ఈ అన్యాయాన్ని చెన్నైలోని జీఐ రిజిస్ట్రీ దృష్టికి తీసుకెళ్లడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003లో అమల్లోకి వచ్చింది. గుర్తింపు వస్తువులకే, సేవలకు లేదు. ఆ వస్తువు ఫలానా ప్రాంతానిదై ఉండాలి, దాని గుణమో పేరో ఆ ప్రాంతం వల్ల వచ్చిందై ఉండాలి. మనది ఎ4 కాగితాల మీద మూడు పేజీలు. ప్లాస్టిక్ ఫైల్లో పెడితే చేతికి బరువుగానే తగులుతుంది, కాబట్టి వస్తువే. కర్నూలు, కడప వాళ్లు తమదీ అచ్చం ఇదేనని పేచీ పెట్టొచ్చు. రసగుల్లా మీద బెంగాల్, ఒడిశా ఇలాగే తగాదా పడితే 2017లో ఒకరికి, 2019లో ఇంకొకరికి ఇచ్చి సర్దేశారు. మనమూ సర్దుకుంటాం.

ఇక తయారీ. మూలప్రతి రాసిన మహానుభావుడు ఎవరో తెలియదు. సీనియర్ నుంచి జూనియర్‌కు మొదట పెన్‌డ్రైవ్‌లో, తర్వాత వాట్సాప్‌లో అది దిగి వస్తోంది. పేరు, ఫోన్ నంబరు, పర్సంటేజీ తప్ప అక్షరం మారదు. మూలప్రతిలో ‘మేనేజ్‌మెంట్’ స్పెల్లింగులో ఒక అక్షరం తప్పిపోయింది. ఆ తప్పును కూడా ఇన్ని బ్యాచ్‌లుగా భద్రంగా కాపాడుకొస్తున్నాం. వేదం తర్వాత ఇంత జాగ్రత్తగా అందుకున్న పాఠం మరొకటి ఉంటుందని నేననుకోను.

మొదట కెరీర్ ఆబ్జెక్టివ్. ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి, సంస్థ ఎదుగుదలతో పాటు తానూ ఎదగాలని అబ్బాయి కోరుకుంటాడు. ఏప్రిల్‌లో ఫ్యాన్ తిరగని హాస్టల్ గదిలో నాలుగేళ్లు గడిపినవాడికి ఇంకా ఏం ఛాలెంజ్ కావాలో అడగకూడదు. ఆ తర్వాత బలాలు: హార్డ్‌వర్కింగ్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడడం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా. చివర పై వివరాలన్నీ నిజమని డిక్లరేషన్, దాని కింద ప్లేస్, డేట్, సంతకం. కంపెనీలు ఈ డిక్లరేషన్ అడగవు. అడగకపోయినా ప్రమాణం చేయడం మన పెద్దరికం.

ఈ సంపదకు ఇప్పుడు గండం వచ్చి పడింది. బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి కొందరు సంస్కర్తలు బయల్దేరి రెజ్యూమె ఒక్క పేజీ చాలంటున్నారు. వాళ్లు చూపించే మొదటి సాక్ష్యం 7.4 సెకన్లు. రిక్రూటర్ల కళ్లు రెజ్యూమె మీద మొదటి చూపులో ఎంతసేపు నిలుస్తాయో అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2018లో కొలిస్తే సగటున అంతే తేలిందట. మన ఆబ్జెక్టివ్ చదవడానికే అంత టైం పడుతుంది. అయితే తప్పెవరిది? తీరిగ్గా కూర్చుని చదవలేని రిక్రూటర్‌ది కాదా?

రెండో సాక్షి మనిషి కాదు, ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్. పెద్ద కంపెనీల్లో దరఖాస్తు ముందు దాని చేతిలోనే పడుతుంది. అది అక్షరాలను ఏరుకుని చదువు, అనుభవం, నైపుణ్యం అంటూ వేరు చేసుకుంటుంది. రెండు కాలమ్‌లు, టేబుళ్లు పెడితే కొన్నిసార్లు ఎడమ వరుసను కుడి వరుసతో కలిపి చదివేస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మనకెంత వచ్చో చూపడానికి దాని పక్కన ఐదు చుక్కల్లో నాలుగింటికి రంగు వేస్తే దానికేమీ అర్థం కాదు (మనకూ కాదనుకోండి, కానీ చూడ్డానికి బాగుంటుంది). అన్నిటికంటే ఘోరం మన ప్రత్యేక పద్ధతికి జరిగిన అవమానం. టైప్ చేసిన రెజ్యూమెను జిరాక్స్ షాపులో ప్రింట్ తీసి, సంతకం పెట్టి, దాన్ని ఫోన్‌తో ఫొటో కొట్టి, మళ్లీ పీడీఎఫ్ చేసి పంపిస్తాం కదా. ఇంత శ్రమపడి చేసిన ఆ ఫైల్లో ఉండేది బొమ్మే కాబట్టి, చాలా సాఫ్ట్‌వేర్‌లకు అందులో ఒక్క అక్షరం కూడా కనపడదట. శ్రమకు విలువ లేని కాలం.

సంస్కర్తల మూడో కోరిక మరీ దారుణం. చేసిన పని రాయాలట, దాంతో ఏం ఫలితం వచ్చిందో అంకెల్లో చెప్పాలట.

మన రెజ్యూమెలో ప్రాజెక్టు అంటే ‘ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్’. ప్రాజెక్టు సెంటర్లో రిపోర్టు, పీపీటీ, సీడీతో సహా దొరుకుతుంది. ముఖం చూసి హాజరు వేసే సిస్టమ్‌ను ప్రతి కాలేజీలో ప్రతి ఏడూ కుర్రాళ్లు తయారు చేస్తున్నారు. అదే కాలేజీలో సార్ ఇంకా రోల్ నంబర్లు పిలిచే హాజరు వేస్తున్నాడు. ఇది మన నిరాడంబరత.

నాకు తెలిసిన ఒక కుర్రాడి సంగతి చూడండి. వాళ్లకు చీనీ (బత్తాయి) తోట ఉంది. బోరులో నీళ్లు తగ్గినప్పుడు మోటారు ఖాళీగా తిరిగి కాలిపోయేది. ప్రతి ఎండాకాలం రీవైండింగ్‌కు ఆటోలో వేసుకుని టౌనుకు తేవాల్సిందే. కుర్రాడు స్టార్టర్ డబ్బాకు చిన్న బోర్డు, సిమ్ కార్డు తగిలించాడు. నీళ్లు లేక కరెంటు తక్కువ లాగగానే మోటారు ఆగిపోతుంది, వాళ్ల నాయన ఫోన్‌కు మెసేజ్ పోతుంది. తర్వాతి రెండు ఎండాకాలాలు మోటారు కాలలేదు. చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా పిలిచి పెట్టించుకున్నారు. ఇది రెజ్యూమెలో రాశావా అని అడిగితే కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. ‘అది మోటారు కాడ పని సార్, ప్రాజెక్టు కాదు’ అన్నాడు. పెంపకం అంటే అదీ. సెన్సరు, కోడు, వాడే మనుషులు, మిగిలిన డబ్బు, అన్నీ ఉన్న పనిని ఇంట్లో దాచిపెట్టి, కొన్న ప్రాజెక్టును ముందుకు పెట్టాడు. ఇంటర్వ్యూలో దాని గురించి రెండో ప్రశ్న అడిగేసరికి నీళ్లు నమిలాడు. అయినా సంప్రదాయం తప్పలేదు.

ఉద్యోగాన్ని బట్టి రెజ్యూమె మార్చాలన్న వాదన కూడా ఉంది. 1480ల్లో చిత్రకారుడు లియొనార్డో డా విన్సీ ఇటలీలోని మిలాన్ పాలకుడికి ఉద్యోగం కోసం ఉత్తరం సిద్ధం చేసుకున్నాడు. ఆ దొరకు యుద్ధాల గొడవ ఉంది కాబట్టి వంతెనలు, ఫిరంగులు, సొరంగాల గురించి వరసపెట్టి చెప్పి, బొమ్మలు కూడా వేయగలనని చివర్లో ఒక మాట వేశాడు. ఎదుటివాడికి ఏం కావాలో అదే ముందు పెట్టాడన్నమాట. ఇందులో మనకు కొత్తేముంది? పెళ్లి బయోడేటాను సంబంధానికొక రకంగా మనమూ మారుస్తాం: ఒక ఇంటికి పొలం ముందు, ఇంకో ఇంటికి ప్యాకేజీ ముందు. అది జీవితానికి సంబంధించిన విషయం. ఉద్యోగానికి అంత అవసరమా?

చివరిగా రిఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాడి సిఫార్సు. ఒకప్పుడు లీడర్ లెటర్‌ప్యాడ్ మీద రెండు ముక్కలు రాయించుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆ పీఠం మీద బెంగళూరు అన్న కూర్చున్నాడు. బెంగళూరు మనకు రెండొందల కిలోమీటర్ల చిల్లర, కాబట్టి ప్రతి వీధికీ ఒక అన్న ఉన్నాడు. ‘హాయ్ అన్నా, రిఫర్ చేయండి’ అని మనవాడు మెసేజ్ పెడతాడు. అన్న మూడు అడుగుతాడు: జాబ్ ఐడీ, ఒక్క పేజీ రెజ్యూమె, ఆ పనికి నువ్వెందుకు సరిపోతావో రెండు లైన్లు. కంపెనీ పోర్టల్‌లో అన్న తన పేరు మీద ఎక్కించాలి కదా. పైగా రిఫరల్ చేసేది కుప్పలో ఉన్న మన కాగితాన్ని ఒక మనిషి కంట పడేయడమే, ఇంటర్వ్యూ మనమే గట్టెక్కాలి. మనవాడు ఆలోచించి జవాబిస్తాడు: ‘ఏదైనా పర్వాలేదన్నా.’ ఏదైనా అనే పోస్టు ఏ కంపెనీలోనూ ఖాళీ లేదు. అన్న అక్కడితో మౌనవ్రతం పడతాడు.

కానీ పండక్కి ఊరికి రాక తప్పదు. పోయిన సంక్రాంతికి అలా వచ్చిన ఒక అన్న, టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ వరసకు మామ అయ్యే ఒకాయనకు దొరికిపోయాడు.

‘మా చిన్నోడి రెజ్యూమె వాట్సాప్‌లో పెట్టినా, చూసినావా అబ్బీ?’

‘చూసినా మామా. మీ పెద్దోడిది గూడా ఇదే కదా?’

‘వాడిదే వీడికి పెట్టినాం. పేరు మార్చినాంలే.’

‘పైన మార్చినారు మామా. కింద డిక్లరేషన్‌లో ఇంకా పెద్దోడి పేరే ఉంది.’

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. ‘ఇద్దరూ ఒక ఇంటోళ్లే కదా నాయనా’ అన్నాడు.