వాకిట్లో పుట్టిన చదువు లక్షల ఫీజుల పాలైంది

మా అమ్మాయికి మూడేళ్ళ నాలుగు నెలలున్నప్పుడు, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు, నాలుగు గీతల కాపీ ముందు పెట్టి నేను దాని చేత నిలువు గీతలు రాయిస్తున్నాను. నర్సరీ బడుల్లో వాటిని స్టాండింగ్ లైన్లంటారు. అవి రెండు పేజీలు పూర్తయితే స్లీపింగ్ లైన్లు, ఆ తర్వాత స్లాంటింగ్ లైన్లు. పిడికిలి బిగించి పెన్సిల్ పట్టుకున్న పిల్ల మూడో వరుసలో ఆగి, చెయ్యి విదిలించుకుని, "అమ్మా, చెయ్యికి నిద్రొస్తోంది" అంది. నేను ఆ చేతిని నా చేతిలోకి తీసుకుని మిగిలిన వరుసలన్నీ రాయించేశాను. మర్నాడు కాపీలో ఎర్ర సిరాతో నక్షత్రం వేసి, పక్కన 'వెరీ గుడ్' అని రాసి పంపారు.

పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ పిల్ల చేతిని ఎక్స్-రే తీస్తే వాటిలో రెండో మూడో మాత్రమే కనిపిస్తాయి, తక్కినవి ఇంకా గట్టిపడని మృదులాస్థిగానే ఉంటాయి. చివరి ఎముక ఎనిమిదేళ్ళు దాటాక గానీ ఎక్స్-రేలో కనబడదు. పిల్లల ఎముకల వయసును వైద్యులు అంచనా వేసేది ఈ మణికట్టును చూసే. ఈ సంగతి తెలిసిన రోజున ఆ ఎర్ర నక్షత్రం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. సమగ్ర పెంపకం, ప్రత్యామ్నాయ విద్య అన్న మాటల వైపు నేను వెళ్ళింది ఏ సిద్ధాంతం మీదో మోజుతో కాదు, ఆ సిగ్గుతోనే.

ఆ తర్వాత ఏడాదిపాటు చేతికందిందల్లా చదివాను, శనివారాలు శిక్షణ తరగతులకు వెళ్ళాను, ఇంట్లో అలమరాలను పిల్ల ఎత్తుకు దింపాను. కానీ నాకు అసలు పాఠం చెప్పింది మా అత్తగారు. ఆవిడ పచ్చి బటానీలు ఒలుస్తుంటే పక్కన చేరిన మనవరాలు మొదటి కాయను మధ్యకు విరిచేసింది. ఆవిడ వద్దనలేదు, ఇలా కాదనీ అనలేదు. తన చేతిలో కాయను పిల్లకు కనబడేటట్టు పట్టుకుని, బొటనవేలి గోటితో అంచు వెంబడి నెమ్మదిగా నొక్కి తెరిచారు. నాలుగో కాయకల్లా పిల్లకు కిటుకు పట్టుబడింది. గింజలు గిన్నెలోకి, తొక్కలు చాటలోకి, పురుగున్నవి విడిగా ఒక మూలకు పెడుతూ అది దాదాపు నలభై నిమిషాలు తలెత్తలేదు. రెండు పేజీల గీతలకు చేతికి నిద్రొచ్చిన పిల్లే ఇది. పిల్లలు వస్తువులతో తామే పనిచేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి తరగతిలో వాళ్ళు చిన్న పిడి ఉన్న కొయ్య స్తూపాలను వేళ్ళ కొసలతో పట్టుకుని సరిపోయే గుంటల్లో అమరుస్తారు. పెన్సిల్‌కు కావలసిన పట్టు అక్కడ తయారవుతుంది. బటానీల చాట ముందు తయారయ్యేదీ ఆ పట్టే.

కాబట్టి నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతున్నాను. ఆరేళ్ళ లోపు పిల్లల చేత కాపీలు నింపించడం తప్పు. ఇది కొత్త మాటేమీ కాదు. 2020 జాతీయ విద్యా విధానం, దాన్ని అనుసరించి 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం, అంటే చిన్న పిల్లలకు ఏం, ఎలా నేర్పాలో చెప్పే మార్గదర్శకాలు, ఈ వైపే ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలు వద్దని, ఆటే వాళ్ళ చదువని, ఇంటి భాషలోనే అది సాగాలని ఆ చట్రం చెప్పింది. కాగితం మీద వాదన ఎప్పుడో గెలిచాం. కాపీలు మాత్రం పిల్లల సంచుల్లోంచి పోలేదు.

పక్కింటి పిల్లవాడు నాలుగేళ్ళకే చదివేస్తున్నాడు, మన పిల్ల వెనకబడిపోదా, ఒకటో తరగతిలో చేర్చుకునే బడి ఆగుతుందా అన్నది ఎదుటివారి వాదన. ఈ భయాన్ని నేను తేలికగా తీసెయ్యను, నేనూ పడ్డాను. కానీ ఫిన్లాండ్‌లో పిల్లలు ఏడేళ్ళు నిండే ఏడాది ఒకటో తరగతిలో చేరతారు, ఆ దేశం చదువులో వెనకబడిందని ఎవరూ అనరు. ఐదేళ్ళకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ ఏడేళ్ళకు మొదలుపెట్టిన పిల్లలనూ పోల్చి చూసిన న్యూజిలాండ్ ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధనలో, పదకొండేళ్ళు వచ్చేసరికి ఇద్దరి పఠన సామర్థ్యంలోనూ తేడా మిగల్లేదు. ముందు పరుగెత్తించినందువల్ల ఒరిగేది లేనప్పుడు ఆ పరుగు ఎవరి కోసం?

నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న వేరే ఉంది. ఈ చదువు ఎవరి పిల్లల కోసం పుట్టింది, ఇప్పుడు ఎవరి పిల్లలకు అందుతోంది? ఆ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న మొదటి బాలల గృహాన్ని తెరిచింది రోమ్ నగరంలో కూలీనాలీ జనం ఉండే సాన్ లొరెంజో పేటలో. తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద, సందుల్లో తిరిగే పిల్లల కోసం. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మరో ప్రత్యామ్నాయ పద్ధతి అయిన వాల్డార్ఫ్ మొదటి బడి మొదలైంది వాల్డార్ఫ్-అస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం. మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంటే ఈ పద్ధతి మనకు నిన్న మొన్న ఓడ దిగిన వింత కాదు, మన పొరుగు నగరంలోనే ఎనభయ్యేళ్ళ కిందట వేళ్ళూనుకున్నది.

అంతకంటే ముందే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా ఉన్నారు. ఆయన వకీలు. 1913లో కొడుకు పుట్టాక, ఈ పిల్లవాణ్ణి ఎలా చదివించాలన్న ఆలోచన ఆయన్ను మాంటిస్సోరి దగ్గరకు చేర్చింది, చివరికి వకాల్తా మానిపించింది. 1920లో బాలమందిరం పెట్టారు. జనం ఆయన్ను ప్రేమగా 'మీసాల అమ్మ' అని పిలిచారు. పెంపకం గురించి తల్లులకే పాఠాలు చెప్పే ఈ కాలంలో ఆ పేరును నేను తరచూ తలుచుకుంటాను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్రలోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాలకు వెళ్ళారు. అక్కడి ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే, ఆమె, అనుతాయి వాఘ్ కలిసి బడినే వాళ్ళ వాకిళ్ళలోకి తీసుకుపోయారు. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళే వాళ్ళ బోధన సామగ్రి. 'అంగన్' అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న ఊహ ఆ వాకిళ్ళలోంచి వచ్చింది.

అదే చదువుకు ఈ రోజు హైదరాబాద్‌లో ఏడాదికి లక్షల్లో ఫీజు కడుతున్నాం. కొయ్య బొమ్మల పెట్టె ఒక్కటే వేలల్లో ఉంటుంది. డబ్బు సంగతి అలా ఉంచినా, ఈ పెంపకానికి అన్నిటికంటే ముందు కావలసింది తీరిక. పిల్ల బటానీలు ఒలిచే నలభై నిమిషాలూ పక్కన కూర్చోగలిగిన మనిషి ఉండాలి. మా ఇంట్లో అత్తగారున్నారు, నాకు ఇంటి నుంచే పనిచేసే వీలుంది. మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఆ రెండూ లేవు. పొద్దున్న ఆరింటికి ఇల్లు వదిలి ఐదిళ్ళలో పని చేసుకుంటుంది. తన నాలుగేళ్ళ కొడుకును వీధి చివరి ఇంగ్లిష్ మీడియం బడిలో ఫీజు కట్టి చేర్చింది. వాడూ స్టాండింగ్ లైన్లే రాస్తున్నాడు. అంగన్‌వాడీకి ఎందుకు పంపలేదని అడిగితే, "ఆడ ఏం చెప్తరమ్మా, గుడ్డు పెట్టి పంపుతరు" అంది.

ఆ మాట పట్టుకుని నేను వాళ్ళ బస్తీలోని సెంటర్‌కు వెళ్ళాను. అద్దె గది, ఒకే కిటికీ, గోడకు వారగా పప్పు బస్తాలు, నూనె ప్యాకెట్లు, బరువు తూచే మిషన్. చాప మీద తొమ్మిదిమంది పిల్లలున్నారు. టీచర్ చింతపిక్కలు పోసి, ఒక్కొక్కరినీ గుప్పెడు తీసుకోమని, ఎవరి గుప్పెట్లో ఎక్కువున్నాయో ముందు ఊహించమని, ఆ తర్వాత లెక్కపెట్టమని చెప్పింది. ఒక పిల్ల తనకు పదకొండు వచ్చాయని, పక్కవాడికి ఎనిమిదే వచ్చాయని చూసుకుని, ఒక పిక్క తీసి వాడికిచ్చింది. "ఇంకా నీకు ఒకటి తక్కువే" అని కూడా వాడికి చెప్పింది. నేను రెండు లక్షలు కట్టి వెతుక్కున్న చదువు నా కళ్ళముందే ఆ చాప మీద నడుస్తోంది. పావుగంట గడిచిందో లేదో బాలింత ఒకామె పాలకు వచ్చింది, వెనకే ఒక గర్భిణి వచ్చింది, పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో వివరాలు ఇంకా ఎక్కలేదని సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. టీచర్ పిక్కలు డబ్బాలోకి ఎత్తేసి ఫోన్ అందుకుంది. పిల్లలు చాప మీద అలాగే కూర్చుండిపోయారు.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడే దాని సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మన రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా సెంటర్లున్నాయి. దేశంలో ఏ ప్రైవేటు సంస్థకూ లేని విస్తృతి ఇది. అయినా ఆ టీచర్‌ను ప్రభుత్వం ఇప్పటికీ టీచర్‌గా చూడదు, ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 11,500 రూపాయలుగా ఉన్నప్పుడు, 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు వాళ్ళు సమ్మె చేశారు. ప్రభుత్వం అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. వాళ్ళ పని ఎస్మా పెట్టేటంత అత్యవసరమైనదైతే, పూర్తి జీతం ఇవ్వదగ్గది ఎందుకు కాలేదు? 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిస్తూ, విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ కింద పూర్వ ప్రాథమిక విద్య వాళ్ళ చేతుల మీదుగానే నడుస్తోందని గుర్తించింది. చట్టం ఎరుగున్న టీచర్‌ను బడ్జెట్ ఎరగదు.

నాలాంటి తల్లులు వాట్సాప్ గ్రూపుల్లో ఏ బొమ్మ కొనాలో, ఏ బడిలో సీటు దొరుకుతుందో చర్చించుకునే శక్తిలో సగం ఇక్కడ పెట్టాలని నేను అడుగుతున్నాను. కోరవలసింది పెద్ద జాబితా కూడా కాదు. ప్రతి సెంటర్‌లో పోషకాహారానికీ రికార్డులకూ ఒకరు, పిల్లల చదువు కోసమే మరొకరు ఉండాలి. ఆ రెండో మనిషికి శిక్షణ, టీచర్ హోదా, జీతం ఉండాలి. పిల్లలు పరుగెత్తేటంత వాకిలి ఉండాలి. ఒక మహిళ ఒకే గదిలో వంట సరుకుల లెక్క, గర్భిణుల బరువు, యాప్‌లో నమోదు, తొమ్మిదిమంది పిల్లల చదువు అన్నీ చూసుకోవాలని పెట్టి, అక్కడ చదువు లేదని మళ్ళీ మనమే అనడం న్యాయం కాదు.

మా అమ్మాయి ఇప్పుడు తన బడిలో హాయిగానే ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆమె మొన్న కొడుకు కాపీ తెచ్చి చూపించింది. నిలువు గీతలు పూర్తయ్యాయి, ఎర్ర నక్షత్రం కూడా ఉంది. వచ్చే జూన్‌లో వాణ్ణి ఎక్కడికి పంపమంటావమ్మా అని అడిగింది. అంగన్‌వాడీకి పంపమని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పడానికి ఆ సెంటర్‌కు ఇంకో టీచర్ కావాలి.