వెలగని బాయిలర్, కదలని ఓనర్

చలి మొదలైతే చాలు, ఇక్కడ బ్రిటన్‌లోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. గ్యాస్‌తో నీళ్ళు కాచి ఇల్లంతా వేడి చేసే బాయిలర్ మీద ఎర్ర లైటు, పక్కన ఏదో కోడు. వేలంట్ కంపెనీదైతే ఎఫ్28, ఐడియల్ కంపెనీదైతే ఎల్2. కింద "అన్నా, హీటింగ్ రావట్లేదు, ఎవరికైనా తెలుసా?" అని ఒక ప్రశ్న. రీసెట్ నొక్కమని ఒకరు, మెయిన్ ఆపి మళ్ళీ వేయమని ఇంకొకరు, కవర్ విప్పి లోపల చూడమని మరొకరు సలహా ఇస్తారు. చివర్లో ఎవరో ఒకరు "మనవాడే ఒకడున్నాడు, తక్కువలో చేసేస్తాడు" అని నంబరు పెడతారు. "ఓనర్‌కి చెప్పావా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు.

బాయిలర్ వెలగకపోవడం అంత పెద్ద సమస్య కాదు. ఈ దేశంలో దానికి చట్టం ఉంది, బాగుచేయడానికి అర్హత ఉన్న మనుషులున్నారు. మన పిల్లలు వారాల తరబడి జాకెట్లు వేసుకుని పడుకోవడానికి అసలు కారణం, చాలా ఇళ్ళలో ఓనర్ కూడా మనవాడే కావడం. గట్టిగా అడగడానికి మొహమాటం. ఆ మొహమాటం మీద ఇళ్ళ అద్దెలు బాగానే నడుస్తున్నాయి.

ముందు ఆ యంత్రం ఏం చెబుతోందో చూద్దాం. థర్మోస్టాట్ వేడి కావాలని అడగగానే బాయిలర్ గ్యాస్ వదిలేయదు. మొదట ఫ్యాన్ తిరిగి లోపలున్న గాలిని బయటికి తోస్తుంది. తర్వాత ఎలక్ట్రోడ్ దగ్గర టిక్ టిక్‌మని స్పార్క్ వస్తుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంట అంటుకుందో లేదో అది కనిపెట్టే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. మంటలో నుంచి కొద్దిపాటి కరెంటు పోగలదు. మంట తగిలేలా పెట్టిన ఒక చిన్న కడ్డీ ద్వారా మైక్రో ఆంపియర్లలో ఆ కరెంటు అందితేనే బాయిలర్ మంట ఉందని నమ్ముతుంది. కొన్ని సెకన్లలో అందకపోతే గ్యాస్ కట్టేస్తుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లు ఓడిపోయాక తనంతట తానే తాళం వేసుకుంటుంది. దాన్నే లాకౌట్ అంటారు. మన ఊళ్ళో అమ్మ స్టవ్ లైటర్ అంటుకోకపోతే నాబ్ కట్టేసి, కాసేపు ఆగి, అప్పుడు మళ్ళీ వెలిగించేది కదా, ఇదీ అదే జాగ్రత్త. కాబట్టి రీసెట్ ఒకసారి నొక్కండి, మహా అయితే రెండుసార్లు. అదేపనిగా నొక్కుతూ కూర్చుంటే, వద్దని చెబుతున్న యంత్రాన్ని బలవంతం చేస్తున్నట్టే.

కవర్ బయట చూసుకోదగినవి మాత్రం చాలానే ఉన్నాయి. వీటికి కూడా ఇంజనీర్‌ని పిలిచి కాలౌట్ ఫీజు కట్టడం దండగ. ముందు వంటింట్లో గ్యాస్ స్టవ్ వెలిగించి చూడండి. అదీ వెలగకపోతే తప్పు బాయిలర్‌ది కాదు, గ్యాసే రావట్లేదు. ముందే డబ్బు వేసుకునే ప్రీపేమెంట్ మీటర్ ఉన్న ఇళ్ళలో సగం కథ ఇక్కడే తేలిపోతుంది. టాప్ అప్ అయిపోయి ఉంటుంది, నలుగురిలో ఎవరి వంతో ఎవరికీ గుర్తుండదు. మీటర్ దగ్గరి లివర్ పైపుకి అడ్డంగా ఉందంటే ఎవరో గ్యాస్ కట్టేశారన్నమాట. తర్వాత ప్రెషర్ గేజ్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1కీ 1.5 బార్‌కీ మధ్య ఉండాలి. బాగా కిందికి పోతే చాలా బాయిలర్లు మంట ప్రయత్నం కూడా చేయవు. బాయిలర్ కింద వెండి రంగు అల్లిక ట్యూబు ఉంటుంది, అదే ఫిల్లింగ్ లూప్. దాని వాల్వులు మెల్లగా తెరిచి, ముల్లు పైకి రాగానే మళ్ళీ బిగించేస్తే సరి. వారానికోసారి ఈ పని పడుతోందంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి, లేదా వేడికి ఉబ్బే నీళ్ళకి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్ దెబ్బతింది. అప్పుడిక మన చేతిలో పని కాదు.

జనవరి తెల్లవారుజామున ఆగిపోయే బాయిలర్ల సంగతి వేరు. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే కావాలన్నారు. పొగలో పోయే వేడిని కూడా పిండుకోవడం దీని గొప్ప. పొగ అంత చల్లబడితే అందులోని ఆవిరి నీరవుతుంది, ఆ నీరు ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు గుండా బయటి డ్రెయిన్‌లోకి పోతుంది. గోడ బయట ఏ తొడుగూ లేకుండా ఆ పైపుని వదిలేస్తే గడ్డకట్టక ఏమవుతుంది? నీరు వెనక్కి ఎగదన్ని, బాయిలర్ గుడగుడమని శబ్దం చేసి ఆగిపోతుంది. 2010 డిసెంబర్ చలికి ఈ దేశంలో లెక్కలేనన్ని ఇళ్ళలో జరిగింది ఇదే. దీనికి వైద్యం వేడినీళ్ళ సంచి, లేదా గోరువెచ్చని నీళ్ళు పైపు మీద నెమ్మదిగా పోయడం. సలసల కాగే నీళ్ళు పోస్తే పైపు పగులుతుంది, కింద పడ్డ నీళ్ళు గడ్డకట్టి మీరు జారిపడతారు. కరిగాక రీసెట్ నొక్కితే చాలావరకు మంట పట్టుకుంటుంది. లావు పైపు వేసి, పైన ఫోమ్ తొడుగు తొడిగితే ఈ బాధ మళ్ళీ రాదు. కొన్ని పౌండ్ల తొడుగు వేయించడానికి కొందరు ఓనర్లు మూడు చలికాలాలు ఆలోచిస్తారు!

ఇక్కడితో మన పని అయిపోయింది. బాయిలర్ కవర్ విప్పకూడదు. చాలా మోడళ్ళలో ఆ కవరే గాలినీ పొగనీ ఇంట్లోకి రాకుండా ఆపే గోడ. సీల్ సరిగ్గా కూర్చోకపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి రావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తే చలిజ్వరం అనుకుని దుప్పటి కప్పుకుంటాం. మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వల్ల ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలో చదివినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. హీటింగ్ లేదని వంటింటి స్టవ్ వెలిగించి గది వేడి చేసుకునే పిల్లలకు మాత్రం గట్టిగానే చెప్పాలి. ఒకవేళ గ్యాస్ వాసనే వస్తే స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు. కిటికీలు తీసి, మీటర్ దగ్గర లివర్ కట్టేసి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయాలి. రాత్రి ఏ గంటకైనా పలుకుతారు.

ఇక "మనవాడే ఒకడున్నాడు" సంగతి. గ్యాస్ పని చేయాలంటే గ్యాస్ ఇంజనీర్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి. 2009లో కోర్గీ అనే పాత జాబితా స్థానంలో వచ్చింది ఇదే. వచ్చినవాడి దగ్గర ఫొటో ఉన్న కార్డు ఉంటుంది. దాని వెనక అతను ఏయే పనులు చేయొచ్చో రాసి ఉంటుంది. చూపించమని అడిగితే మంచి ఇంజనీర్ ఎవరూ నొచ్చుకోరు. కార్డు ఉన్నవాళ్ళలోనూ రాగానే "సర్క్యూట్ బోర్డు పోయింది, బాయిలర్ మార్చేయండి" అనేవాళ్ళు ఉన్నారు. కొత్త బాయిలర్ అంటే వేల పౌండ్ల మాట. మీటర్ దగ్గర గ్యాస్ ప్రెషర్ కొలిచారా (సాధారణంగా 21 మిల్లీబార్ ఉండాలి), ఎలక్ట్రోడ్ శుభ్రం చేసి చూశారా అని అడగండి. అరిగిన ఎలక్ట్రోడ్ ఖరీదు బోర్డుతో పోలిస్తే ఏపాటిది?

అసలు విషయానికొస్తాను. ఈస్ట్ హామ్, హౌన్స్‌లో, లూటన్, హ్యాట్‌ఫీల్డ్, ఎక్కడ చూసినా మనవాళ్ళు కొన్న ఇళ్ళలో మన పిల్లలే అద్దెకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కొత్తగా దిగిన పిల్లకి తెలుగు మాట్లాడే ఇల్లు దొరకడం ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ బాయిలర్ ఆగిన రోజు సంభాషణ ఎలా ఉంటుందో చూడండి. "అన్నా, వేడినీళ్ళు రావట్లేదు." "అవునా తమ్ముడూ, ఈ వీకెండ్ చూద్దాంలే." వీకెండ్ పోతుంది. "ఒక ఫ్యాన్ హీటర్ తెచ్చుకోండిరా, అడ్జస్ట్ అవ్వండి." కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్ కంటే దాదాపు నాలుగు రెట్లు. ఆ బిల్లు ఎవరు కడతారో అన్న చెప్పడు, తమ్ముడు అడగడు. పార్ట్‌టైమ్ జీతంతో బతికే కుర్రాడికి ఆ గది పోతే ఇంకోటి దొరుకుతుందో లేదోనని టెన్షన్.

చట్టానికి ఈ అన్నదమ్ముల వరస తెలియదు. 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం ఓనర్ ఏటా గ్యాస్ పరికరాలను రిజిస్టర్డ్ ఇంజనీర్‌తో తనిఖీ చేయించి, ఆ రికార్డును 28 రోజుల్లో అద్దెకున్నవాళ్ళకి ఇవ్వాలి. కొత్తగా దిగేవాళ్ళకి దిగకముందే ఇవ్వాలి. ఇంగ్లండ్ విషయంలో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్‌లోని 11వ సెక్షన్ హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లను పనిచేసే స్థితిలో ఉంచే బాధ్యత ఓనర్ మీదే పెట్టింది. 2022 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఓనరే పెట్టాలి. ఇవేవీ జరగకపోతే స్థానిక కౌన్సిల్‌కి చెప్పొచ్చు. అంతకంటే ముందు ఫోన్ కాల్ బదులు ఒక మెసేజ్ రాయండి. ఏ రోజు ఆగింది, ఏ కోడు చూపిస్తోంది, ఏమేం చూశాం, అంతే. మర్యాదగానే రాయొచ్చు, "అన్నా" అనే మొదలుపెట్టొచ్చు. తేదీతో సహా ఉంటుంది కాబట్టి తర్వాత ఎవరూ మాట మార్చలేరు.

ఓనర్ల వైపు కూడా మాట ఉంది. వడ్డీలు పెరిగాయి, డిసెంబర్‌లో ఇంజనీర్ దొరకడం కష్టం. నిజమే. ఆలస్యం కావడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. ఇంజనీర్ వచ్చేదాకా గదికో ఆయిల్ హీటర్ పంపి, ఆ కరెంటు ఖర్చు అద్దెలో తగ్గించుకోమన్న ఓనర్లు మనలోనే ఉన్నారు. అసలు సెప్టెంబర్‌లోనే ఒక గంట హీటింగ్ వేసి చూస్తే, ఎండాకాలమంతా కదలకుండా బిగుసుకుపోయిన పంపు సంగతి ఇంజనీర్లు ఖాళీగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

మన సంఘం చేయగలిగింది ఒకటుంది. ఈ పత్రికలోనూ మన గ్రూపుల్లోనూ గదుల ప్రకటనలు వేస్తున్నాం. ఇకమీదట ఆ ఇంటి ఈ ఏటి గ్యాస్ సేఫ్టీ రికార్డు చూపించనిదే ప్రకటన వేయకూడదు. మన స్పాన్సర్లలో ఇళ్ళున్నవాళ్ళు ఉన్నారని, వాళ్ళు బాధపడతారని కమిటీలో కొందరు అంటారు. రికార్డు ఉన్న ఓనర్‌కి దాన్ని ఫొటో తీసి పంపడం నిమిషం పని. లేని ఓనర్ ప్రకటన మనకెందుకు? వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. అద్దెకుండే సభ్యులు ఈసారి భోజనాల వేళకి కాకుండా ఓటింగ్ వేళకి రావాలని మనవి.