ముందు మాటను వెళ్లనివ్వండి

ఒక ద్వీపం, అందులో ఓ చిన్న ఆరోగ్య కేంద్రం. నర్సు చేతిలో ఫోన్, మంచం మీద జ్వరంతో ఉన్న బిడ్డ. డాక్టర్ ఎక్కడో నగరంలో ఉన్నారు. కాల్ ఉపగ్రహం మీదుగా నడుస్తోంది. ‘ఊపిరి ఎలా తీసుకుంటోంది?’ అని డాక్టర్ అడుగుతారు. నర్సు వెంటనే చెప్పడం మొదలుపెడుతుంది. ఆ జవాబు చేరేలోపే, వినపడలేదేమో అనుకుని డాక్టర్ మళ్లీ అడుగుతారు. ఆ రెండో ప్రశ్న చెవిన పడేసరికి నర్సు వాక్యం మధ్యలో ఉంటుంది. టక్కున ఆపేస్తుంది. సగం జవాబు విన్న డాక్టర్ కూడా ఆగిపోతారు. కాసేపు ఇద్దరూ మౌనం. తర్వాత ఇద్దరూ ఒకేసారి ‘చెప్పండి’ అంటారు.

ఉపగ్రహ ఇంటర్నెట్ మీద కాల్ మాట్లాడినవాళ్లకు ఈ ‘చెప్పండి... మీరే చెప్పండి’ బాగా తెలుసు. లైన్ తెగలేదు. సిగ్నల్ నిండుగా ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే అంకె కూడా ఘనంగానే వస్తుంది. మాట మాత్రం సాగదు. మారుమూల ప్రాంతాలకు ఇంటర్నెట్ అనగానే ప్రభుత్వాలైనా కంపెనీలైనా ఎన్ని మెగాబిట్లు ఇచ్చామన్న లెక్కే చెబుతాయి. నేను అడిగేది వేరు. ఆ కనెక్షన్ మీద ఇద్దరు మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడకుండా పది నిమిషాలు మాట్లాడుకోగలరా? లేకపోతే ఆ ఊరికి ఇంకా ఫోన్ రాలేదన్నట్టే. మాటను సాఫీగా నడిపించడానికి కావాల్సిన సరంజామా అంతా ఇప్పటికే మన చేతిలో ఉంది. ఇంకా సాంకేతిక పరిమితులంటూ సర్దిచెబితే నేను ఒప్పుకోను.

స్టార్‌లింక్, వన్‌వెబ్ లాంటి ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీలు ఆకాశాన్ని ఎలా నింపుతున్నాయో రోజూ చదువుతున్నదే. అందులోకి మళ్లీ వెళ్లను. ఒక్క దూరం లెక్క మాత్రం గుర్తుచేయాలి. పాతకాలం నుంచీ వాడుతున్న భూస్థిర ఉపగ్రహాలు (భూమితో సమానంగా తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉండేవి) భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మాట అక్కడికి ఎక్కి దిగడానికే దాదాపు పావు సెకను. జవాబూ అదే దారిన రావాలి కాబట్టి మొత్తం అర సెకను. కాంతి వేగాన్ని ఎవరూ పెంచలేరు.

ఇంతకంటే ఘోరమైన ఏర్పాటు ఇంకొకటుంది. చాలా వీశాట్ (చిన్న డిష్‌లతో నడిచే ఉపగ్రహ) నెట్‌వర్క్‌లలో మారుమూల కేంద్రాలన్నీ ఒకే హబ్‌తో, అంటే నేల మీది ప్రధాన కేంద్రంతో ముడిపడి ఉంటాయి. పక్కపక్క ద్వీపాల్లో ఉన్న ఇద్దరు మాట్లాడుకోవాలన్నా మాట పైకెళ్లి, హబ్‌కు దిగి, మళ్లీ పైకెళ్లి, రెండో ద్వీపానికి దిగాలి. ఒక్క వైపుకే అర సెకను, జవాబు వినపడేసరికి ఒక సెకను. కళ్లెదుట కనిపిస్తున్న ద్వీపానికి చేరడానికి మాట లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైగా తిరిగొస్తుందన్నమాట. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదని, మామూలు నెట్‌వర్క్ ప్లానింగ్‌లో 400 దాటనివ్వకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫారసు ఎప్పటినుంచో చెబుతోంది.

ఆ అంకెలు ఎందుకు అలా ఉన్నాయో తెలియాలంటే మనిషి మాట తీరు చూడాలి. పది భాషల్లో సంభాషణలను పోల్చి 2009లో ఒక పరిశోధన వెలువడింది. ప్రశ్న ముగియడానికి, జవాబు మొదలవడానికి మధ్య ఉండే ఖాళీ సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. భాషను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుందంతే. రెప్పపాటు అంటామే, అంత. అవతలివాళ్ల వాక్యం పూర్తికాకముందే మన నోటిలో జవాబు సిద్ధమవుతుంది కాబట్టే ఇది సాధ్యం. ఆ రెప్పపాటుకు అర సెకను తోడైతే మనం దాన్ని లైన్‌లో ఆలస్యంగా అనుకోం. మౌనంగా అనుకుంటాం. మౌనానికి మన జీవితాల్లో చాలా అర్థాలున్నాయి. ఇష్టం లేక నసుగుతున్నారనుకుంటాం. తెలియదనుకుంటాం. ఏదో దాస్తున్నారనుకుంటాం.

ఇది నా ఊహ కాదు. టెలిఫోన్ లైన్‌లో కావాలని ఆలస్యం పెట్టి జర్మనీ పరిశోధకులు చేసిన ప్రయోగాల ఫలితాలు 2014లో వచ్చాయి. మాట్లాడినవాళ్లు ఆ ఆలస్యాన్ని లైన్ తప్పుగా గుర్తించలేదు. అవతలి మనిషి స్వభావానికి అంటగట్టారు. శ్రద్ధగా వినడం లేదని అనుకున్నారు. ఇది చదివిన రోజు నుంచి ఉపగ్రహ కాల్స్ గురించి నా ఆలోచనే మారిపోయింది.

ఎందుకంటే ఈ నింద ఇద్దరి మీదా సమానంగా పడదు. నగరంలో కూర్చున్న అధికారి రోజుకు ఇరవై కాల్స్ మాట్లాడతారు. పందొమ్మిది సాఫీగా నడుస్తాయి. ఇరవయ్యోది ద్వీపం నుంచో కొండ మీది నుంచో వస్తుంది. ఆ గొంతే తడబడుతున్నట్టు, ఆలోచించి ఆలోచించి చెబుతున్నట్టు, మధ్యలో అడ్డుతగులుతున్నట్టు వినిపిస్తుంది. ఉద్యోగం కోసం ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇస్తున్న అమ్మాయి తెలివైనదే కావచ్చు. ప్రతి ప్రశ్నకూ అర సెకను ఆలస్యంగా జవాబిస్తే వినేవాళ్లకు ఆమె మందకొడిగానే అనిపిస్తుంది. బీమా సొమ్ము కోసం జరిగింది చెప్పుకుంటున్న మనిషి నిజమే చెబుతున్నా, ప్రతి జవాబుకు ముందూ ఆ చిన్న ఖాళీ అనుమానం పుట్టిస్తుంది. మారుమూల బతికేవాళ్లకు రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు అని ఒప్పుకుంటాం. వాళ్ల మాట విలువను కూడా లైన్ తగ్గించేస్తోందని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

‘ఇదంతా పాత గొడవ, కొత్త ఉపగ్రహాలు కిందే తిరుగుతున్నాయి కదా’ అంటారు. నిజమే. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. నెత్తిమీద ఉన్నప్పుడు మాట ఎక్కి దిగడానికి నాలుగు మిల్లీసెకన్లు కూడా పట్టదు. కానీ ఆకాశంలో మిగుల్చుకున్న టైమ్‌ను నేల మీద క్యూలో పోగొట్టుకుంటున్నాం.

మాట ప్యాకెట్‌ను ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని చూద్దాం. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ధ్వనిని ఒక ప్యాకెట్‌గా కడతారు. సెకనుకు 50 ప్యాకెట్లు. జీ.729 అనే కోడెక్ (ధ్వనిని కుదించే పద్ధతి) వాడితే ఒక్కో ప్యాకెట్‌లో ఉండే అసలు మాట 20 బైట్లు. దాని మీద అతికించే చిరునామా, వరుస నంబరు, టైమ్ ముద్ర అన్నీ కలిపి 40 బైట్లు. ఉత్తరం కంటే కవరు రెట్టింపు బరువు! ఆ కవరును కొద్ది బైట్లకే కుదించే పద్ధతిని ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే సంస్థ ఐఈటీఎఫ్ 2001లోనే ప్రమాణంగా ఇచ్చింది. కుదించకపోయినా ఒక కాల్‌కు సెకనుకు అటొక 24, ఇటొక 24 కిలోబిట్లు చాలు. 3 మెగాబిట్ల వీడియో ఒకటి నడిచే చోట ఇలాంటి కాల్స్ వంద పడతాయి. అంత సన్నని దారప్పోగు ఇది.

అదే కేంద్రంలో ఇంకో ఫోన్ తన ఫొటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెట్టిందనుకోండి. మోడెమ్‌లో 256 కిలోబైట్ల బఫర్ (పంపాల్సినవి వంతు కోసం ఆగే తాత్కాలిక జాగా) ఉంది, బయటికి వెళ్లే దారి సెకనుకు 1 మెగాబిట్. ఫొటోలతో బఫర్ నిండిపోతే వెనక వచ్చిన మాట ప్యాకెట్ తన వంతు కోసం దాదాపు రెండు సెకన్లు నిలబడాలి. 35,786 కిలోమీటర్ల దూరం కూడా చేయని నష్టాన్ని బల్ల మీది చిన్న డబ్బా చేసేస్తోంది. ఇంజనీరు జిమ్ గెటీస్ ఈ రోగానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి పదేళ్లు దాటిపోయింది. కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో కోడెల్ అనే మందు కూడా చెప్పారు. దాన్ని మెరుగుపరిచిన ఎఫ్‌క్యూ-కోడెల్‌ను ఐఈటీఎఫ్ 2018లో ప్రచురించింది. అది చేసే పని చాలా సులువు. ఒక్కొక్క ప్రవాహాన్ని వేర్వేరు వరుసల్లో నిలబెడుతుంది. కొద్దికొద్దిగా పంపేవాళ్లను ముందు వదులుతుంది, గుట్టలుగా పంపేవాళ్లను కాస్త ఆగమంటుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే 2024 మార్చిలో స్టార్‌లింకే ప్రకటించిన అంకెలు చూడండి. అమెరికాలో రద్దీ వేళల్లో మధ్యస్థ (మీడియన్) ఆలస్యాన్ని 48.5 నుంచి 33 మిల్లీసెకన్లకు తగ్గించామంది. వందలో ఒకసారి తగిలే బాగా చెడ్డ ఆలస్యం 150కి పై నుంచి 65 లోపుకి వచ్చిందట. ఉపగ్రహాల ఎత్తు మారలేదు. కాంతి వేగం మారలేదు. దారులు, గ్రౌండ్ స్టేషన్లు, క్యూలు సరిదిద్దుకున్నారు, అంతే. అదే కంపెనీ సముద్రాలు, ద్వీపాలు, అలాస్కా, అంటార్కిటికా లాంటి చోట్ల ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటవచ్చని చెబుతోంది. అంటే ఉపగ్రహం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఎక్కువ ఆలస్యం. గ్రౌండ్ స్టేషన్ ఎక్కడ పెట్టాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయమే కదా!

ఎదుటివాళ్ల వాదనలు మూడు. బ్యాండ్‌విడ్త్ పెరిగితే ఈ సమస్య దానంతటదే పోతుందన్నది ఒకటి. పోదు. దారి వెడల్పు చేసిన కొద్దీ దాన్ని నింపే ఫైళ్లూ పెరుగుతాయి. వాయిస్ మెసేజ్ పంపుకోవచ్చు కదా అన్నది రెండోది. ఊపిరాడని బిడ్డ పక్కన నిలబడి వాయిస్ మెసేజ్‌కు జవాబు ఎప్పుడొస్తుందా అని చూడమంటారా? మూడోదానిలో కొంత పస ఉంది. మాటకు ముందు వరుస ఇస్తే, ట్రాఫిక్ అంతటినీ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీకి దెబ్బ కాదా, రేపు డబ్బిచ్చినవాళ్లకూ ఇస్తారు కదా అంటారు. ఆ భయం నాకూ ఉంది. అయితే యూరోపియన్ యూనియన్ 2015లో తెచ్చిన ఓపెన్ ఇంటర్నెట్ నిబంధనలే ట్రాఫిక్‌ను దాని సాంకేతిక అవసరాన్ని బట్టి రకాలుగా చూడొచ్చని, వ్యాపార లాభం కోసం మాత్రం చూడకూడదని గీత గీశాయి. పైగా ఎఫ్‌క్యూ-కోడెల్ ఎవరి ప్యాకెట్‌నూ విప్పి చూడదు. ఏ యాప్, ఏ కంపెనీ అని అడగదు.

నా అసలు బాధ ఇంకా లోతైనది. మారుమూల మనిషిని మనం ప్రేక్షకుడిగానే ఊహించుకుంటున్నాం. డౌన్‌లోడ్ స్పీడ్ వంద, అప్‌లోడ్ స్పీడ్ పది అని ఇస్తే ఎవరికీ వింతగా అనిపించదు. వాళ్లకు సినిమా చేరితే చాలు, పాఠం వీడియో చేరితే చాలు, ప్రభుత్వ ప్రకటన చేరితే చాలు. అటు నుంచి ఏం రావాలన్నది ఆలోచనలోనే లేదు. ప్రపంచంలో 70 కోట్లకు పైగా వయోజనులకు ఇప్పటికీ చదవడం, రాయడం రాదు. టైపు చేయమంటే ఏం చేస్తారు? వాళ్లకున్నది గొంతే. తమ భాష ఏ కీబోర్డులోనూ లేనివాళ్లున్నారు. వాళ్లకూ గొంతే దిక్కు. పైనుంచి కిందికి పోసే ఇంటర్నెట్‌కు పెట్టిన శ్రద్ధలో పదో వంతు కింది నుంచి పైకి వెళ్లే మాటకు పెట్టి ఉంటే నేను ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.

ఉపగ్రహం మీద ఇద్దరు ప్రభుత్వాధినేతలు తొలిసారి నేరుగా మాట్లాడుకున్నది 1963 ఆగస్టు 23న. సింకామ్-2 మీదుగా అమెరికా అధ్యక్షుడు కెనడీ, నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవా మాట్లాడుకున్నారు. లాగోస్ రేవులో ఆగి ఉన్న ఓడ మీది ఆంటెనా అందుకు సాయపడింది. ఆ రోజు ఉపగ్రహం ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి వాడే సాధనం. అరవై ఏళ్లు దాటాక అది ప్రధానంగా చూడటానికి వాడే సాధనంగా మారిపోయింది. ఆపద వస్తేనే దాని మొదటి పని గుర్తొస్తుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి, పసిఫిక్ ద్వీపదేశం టోంగాను బయటి ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుల్ తెగినప్పుడు, దాన్ని అతికించడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ విదేశాల్లో ఉన్న కుటుంబాలు మొదట కోరుకున్నది తమవాళ్ల గొంతు వినడమే.

చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. అత్యవసర కాల్ చేస్తే ఆ ఫోన్ ఎక్కడుందో సాయం పంపేవాళ్లకు సరిగ్గా తెలియాలి. ఇంటర్నెట్ కాల్‌లో అది తనంతట తాను జరగదు. కరెంటు పోయినా కాల్ మోగాలి. 75 నుంచి 100 వాట్లు లాగే డిష్‌ను రాత్రంతా నడపాలంటే బ్యాటరీ ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. ప్రభుత్వ సొమ్ముతో పెట్టే ప్రతి కేంద్రంలోనూ ఇవి షరతులుగా ఉండాల్సిందే. కానీ వీటన్నిటికంటే ముందు కాల్‌లో మాట సాగాలి.

అందుకు ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. కనెక్షన్ పెట్టిన రోజున, సంతకం చేసే ముందు ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు ఒకటి అంటే ఇంకొకరు రెండు అంటూ ఇరవై దాకా లెక్కపెట్టమనండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత ఆ కేంద్రంలో ఒక ఫోన్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి అదే లెక్క మళ్లీ పెట్టమనండి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు ఉంటే మొత్తం మీద మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది. అర సెకను ఉంటే పది సెకన్లు ఎక్కువ పడుతుంది. మూడు దాటితే క్యూ సరిచేసి రమ్మని వెనక్కి పంపాలి. ఆ రెండు టైమ్‌లూ రాసిన కాగితం బిల్లుకు జత లేకపోతే డబ్బు విడుదల చేయకూడదు.